జూలో పక్షులు, జంతువుల ఫోటోలు: జాలీ నుంచి ఎడిటింగ్ దాకా

ఒక ఫోటో చూడగానే "ఇది జూలో తీసింది" అని తెలిసిపోతుంది. కారణం సాధారణంగా జంతువు కాదు, దానికీ మనకీ మధ్య ఉన్నవి. పులి మొహం మీదుగా పోయిన బూడిద గీతలు, గాజులో మన తెల్ల చొక్కా, వెనకాల నీళ్ల పైపు. ఎంత ఖరీదైన కెమెరా అయినా వీటిని తనంతట తాను తీసెయ్యలేదు. ఎక్కడ నిలబడాలో, ఎప్పుడు నొక్కాలో తెలిస్తే మాత్రం మామూలు కెమెరాతోనే చాలావరకు వదిలించుకోవచ్చు. అందుకే ఇందులో సెట్టింగుల కంటే అడ్డంకుల గురించే ఎక్కువ ఉంటుంది.

1. వెళ్లే ముందు

జూ వెబ్‌సైట్‌లో మూడు విషయాలు చూసుకోండి: తెరిచే సమయం, మేత వేసే వేళలు, ఫోటోగ్రఫీ నియమాలు. ట్రైపాడ్, ఫ్లాష్, డ్రోన్ల మీద చాలా జూలలో ఆంక్షలు ఉంటాయి. గేటు దగ్గర వాదించి లాభం లేదు. ట్రైపాడ్‌కి ఒప్పుకోని చోట కూడా మోనోపాడ్‌కి ఒప్పుకోవచ్చు, ముందే అడిగి తెలుసుకోండి.

తెరిచీ తెరవగానే లోపల ఉండటం మంచిది. జంతువులు చురుగ్గా ఉంటాయి, జనం ఉండరు, వెలుగు ఏటవాలుగా పడుతుంది. సింహం రోజులో 20 గంటల దాకా పడుకుని గడిపేయగలదు. మధ్యాహ్నం వెళ్తే మీకు దొరికేది దాని వీపు. మబ్బు పట్టిన రోజును వదులుకోకండి. ఈకల వివరాలు, నల్లటి బొచ్చు ఆ మెత్తటి వెలుగులోనే బాగా వస్తాయి. మండే ఎండలో జాలీ నీడ జంతువు ఒంటి మీద గళ్లు గళ్లుగా పడుతుంది, దాన్ని ఎడిటింగ్‌లో తీయడం నరకం.

ఇంకో మాట. జూ మొత్తం చుట్టేయాలని పెట్టుకోవద్దు. నాలుగైదు ఎన్‌క్లోజర్లు (జంతువులను ఉంచే ఆవరణలు) ఎంచుకుని ఒక్కో దాని దగ్గర అరగంటో గంటో ఉండండి. నలభై చోట్ల రెండేసి నిమిషాలు ఆగి తీసిన ఫోటోలు అన్నీ ఒకేలా ఉంటాయి: జంతువు ఉంది, ఏమీ చేయడం లేదు.

లెన్స్ విషయానికొస్తే, 70-300 మిల్లీమీటర్ల జూమ్ చాలామందికి సరిపోతుంది. చిన్న సెన్సార్ ఉన్న ఏపీఎస్-సీ కెమెరాలో 300 దాదాపు 450 లాగా పనిచేస్తుంది. పెద్ద పక్షిశాలలు, విశాలమైన మైదానాలు ఉంటే 100-400 హాయి. జాలీలు, లోపలి గదులు ఎక్కువగా ఉన్న జూలో మాత్రం 70-200 ఎఫ్ 2.8 (ఎఫ్ పక్కన అంకె ఎంత చిన్నదైతే లెన్స్ అంత ఎక్కువ తెరుచుకుంటుంది) దేన్నైనా కొడుతుంది, ఎందుకో జాలీ దగ్గరికి వచ్చాక తెలుస్తుంది. బ్యాగులో మైక్రోఫైబర్ గుడ్డ, మెత్తటి రబ్బరు లెన్స్ హుడ్ వేసుకోండి. ముదురు రంగు చొక్కా తొడుక్కోండి.

2. గేటు దాటకముందే కెమెరా సిద్ధం

ఫైల్ రకం రా (RAW, సెన్సార్ చూసిన సమాచారమంతా ఉంచే ఫైల్) పెట్టండి. షట్టర్ స్పీడ్ మీ చేతిలో, ఐఎస్ఓ (వెలుగుకి కెమెరా స్పందించే స్థాయి) ఆటోలో ఉంచండి. కూర్చున్న పక్షికి కూడా 1/500 సెకను కావాలి, ఎందుకంటే అది తలను కుదుపులుగా తిప్పుతూనే ఉంటుంది. పడుకున్న జంతువుకి 1/250 చాలు. పరుగెత్తే దానికి 1/1000, ఎగిరే పక్షికి 1/2000 దగ్గర మొదలుపెట్టండి. లెన్స్‌లోని స్టెబిలైజేషన్ మన చేతి వణుకునే ఆపుతుంది, కోతి గెంతును కాదు. ఐఎస్ఓ 3200కి వెళ్తుందని టెన్షన్ పడొద్దు. నాయిస్ (ఇసక చల్లినట్టు కనిపించే చుక్కలు) ఉన్న షార్ప్ ఫోటోని బాగుచేయొచ్చు, కదిలిపోయిన ఫోటోని ఏమీ చేయలేం.

అపెర్చర్ (వెలుగు లోపలికి వచ్చే ద్వారం) లెన్స్ ఎంత తెరుచుకోగలిగితే అంత తెరిచి ఉంచండి. ఫోకస్ కంటిన్యువస్ మోడ్‌లో (కదిలేదాని వెంటే మారుతూ ఉండేలా), ఒకే చిన్న పాయింట్ మీద. జంతువుల కన్నును గుర్తుపట్టే ఫోకస్ ఉంటే ఆన్ చేయండి, కానీ జాలీ అడ్డం వచ్చినప్పుడు దాన్ని నమ్మకండి. ఫ్లాష్, ఫోకస్ కోసం వెలిగే చిన్న దీపం, కెమెరా చప్పుళ్లు అన్నీ ఆఫ్.

3. జాలీని మాయం చేయడం

అసలు కిటుకంతా ఇక్కడే ఉంది, కాబట్టి కాస్త లెక్క చూద్దాం. 200 మిల్లీమీటర్ల లెన్స్‌ని ఎఫ్ 4 దగ్గర పెడితే వెలుగు లోపలికి వచ్చే ద్వారం వెడల్పు 50 మిల్లీమీటర్లు. ఆ ద్వారం ముందు 3 మిల్లీమీటర్ల మందం తీగ ఒకటి అడ్డం వస్తే అది ఆపేది సుమారు 8 శాతం వెలుగే. మిగతాదంతా తీగ పక్కల నుంచి దూరి వస్తుంది. తీగ గీతలాగా కనిపించదు, ఫోటో కొంచెం పలచబడుతుంది, అంతే. అదే లెన్స్‌ని ఎఫ్ 16కి మూస్తే ద్వారం 12.5 మిల్లీమీటర్లకు కుంచించుకుపోతుంది, అదే తీగ ఇప్పుడు 30 శాతం దాకా అడ్డుకుంటుంది. గీత వచ్చేస్తుంది.

రెండో సంగతి: జంతువు మీది ఒక్కో బిందువు నుంచి లెన్స్‌కి వచ్చే వెలుగు గరాటులాగా ఉంటుంది. వెడల్పు వైపు లెన్స్ దగ్గర, సన్న కొన జంతువు దగ్గర. తీగ వెడల్పు వైపు ఉంటే ఇబ్బంది లేదు, కొన వైపు ఉంటే వెలుగునంతా మింగేస్తుంది. జాలీ సరిగ్గా సగం దూరంలో ఉంటే, ఎఫ్ 4 దగ్గర కూడా ఆ తీగ 15 శాతం అడ్డుకుంటుంది. జాలీని కరుచుకుని వేలాడే చిలుకని ఎంత గొప్ప లెన్స్‌తో తీసినా తీగలు కనిపించేది ఇందుకే.

ఇప్పుడు చేయాల్సింది వరుసగా:

ముందు, రెయిలింగ్ దాటకుండా జాలీకి ఎంత దగ్గరగా వెళ్లగలరో అంత దగ్గరికి వెళ్లండి. లెన్స్ అంచు జాలీకి దాదాపు తగిలితే ఉత్తమం. తర్వాత, లెన్స్ మధ్యభాగం గడి మధ్యకి వచ్చేలా జరపండి, తీగల కూడలి ఎదురుగా వద్దు. జూమ్ పూర్తిగా లాగండి. జంతువు జాలీ నుంచి బాగా వెనక్కి వెళ్లేదాకా ఆగండి. జాలీ నుంచి మీకున్న దూరం కంటే జంతువుకున్న దూరం చాలా రెట్లు ఉండాలి.

ఇంతా చేసినా ఫోటో పాలు కలిపినట్టు తెల్లబారితే తప్పు ఎండది. తీగ మీద ఎండ పడితే అది మెరుస్తుంది, ఆ మెరుపే పొరలాగా ఫోటో అంతా పరుచుకుంటుంది. నల్ల రంగు వేసిన జాలీ తేలిగ్గా మాయమవుతుంది, కొత్త జింకు పూత జాలీ మొండికేస్తుంది. చెట్టు నీడ పడుతున్న జాలీ ముక్క వెతుక్కోండి. లేకపోతే మీ టోపీని అడ్డం పట్టి లెన్స్ ముందున్న నాలుగైదు గడుల మీద నీడ పడేలా చేయండి. తేడా వ్యూఫైండర్‌లోనే కనిపిస్తుంది.

ఫోకస్ పదేపదే తీగ మీదికే వస్తుంటే, లెన్స్ మీద ఫోకస్ లిమిటర్ స్విచ్ ఉందేమో చూడండి. దగ్గరి దూరాలను వదిలేయమని లెన్స్‌కి చెప్పేది అదే. లేకపోతే చేత్తో ఫోకస్ తిప్పి జంతువు దాకా తెచ్చి, అక్కడి నుంచి ఆటోకి వదలండి.

రెయిలింగ్‌కీ జాలీకీ మధ్య మీటరు పైగా ఖాళీ ఉన్నప్పుడు మనం చేయగలిగింది మూడే: గరిష్ఠ జూమ్, పూర్తిగా తెరిచిన అపెర్చర్, ఓపిక. రెయిలింగ్ మీదుగా వంగి చెయ్యి చాపడం మాత్రం వద్దు. ఆ ఖాళీ మీ వేళ్ల కోసమే ఉంది.

4. గాజు వెనక ఉన్నవి

గాజుకి సూత్రం ఒకటే: లెన్స్‌ని ఆనించేయండి. రబ్బరు హుడ్‌ని గాజుకి అదిమితే పక్క వెలుగు లోపలికి రాదు, ప్రతిబింబం పుట్టదు. ఆనించే ముందు ఆ చోటు గుడ్డతో తుడవండి. పిల్లల వేలిముద్రలు సాధారణంగా మీ నడుము ఎత్తులో ఉంటాయి, అదే చాలా జంతువుల కంటి ఎత్తు కూడా.

గాజుకి నిటారుగా, అంటే సరిగ్గా ఎదురుగా నిలబడి తీయండి. మందపాటి గాజులోంచి ఏటవాలుగా తీస్తే బొమ్మ మెత్తబడుతుంది, అంచులు రెండుగా కనిపిస్తాయి. జంతువు పక్కకి పోతే కెమెరా తిప్పకండి, మీరే పక్కకి నడవండి. ప్రతిబింబాలు తగ్గించే పోలరైజర్ ఫిల్టర్ గురించి చాలామంది చెప్తారు కానీ అది ఇక్కడ అంతగా పనికిరాదు. గాజు ప్రతిబింబాల మీద దాని ప్రభావం నిటారు నుంచి 55 డిగ్రీలు పక్కకి జరిగినప్పుడు ఎక్కువ, ఎదురుగా నిలబడితే సున్నా. పైగా ఒకటి, రెండు స్టాపుల (ఒక స్టాపు తగ్గితే వెలుగు సగమవుతుంది) వెలుగు తినేస్తుంది. నీళ్లలో ఉన్న మొసలినో నీటిగుర్రాన్నో పైనుంచి తీసేటప్పుడు తగిలించుకోండి, గాజు దగ్గర తీసి బ్యాగులో పెట్టేయండి.

మందపాటి గాజు ఫోటోకి ఆకుపచ్చ ఛాయ తెస్తుంది. రా ఫైల్ ఉంటే వైట్ బ్యాలెన్స్‌లో టింట్‌ని కొంచెం మెజెంటా వైపు జరిపితే పోతుంది.

గాజు మీద తట్టడం, ఈల వేయడం, కాగితాలు ఊపడం చేయకండి. మర్యాద సంగతి అటుంచి, ఫోటోకి కూడా అది చేటు: ఉలిక్కిపడిన జంతువు ఒక్క క్షణం చూసి లోపలికి పోతుంది, మళ్లీ రాదు. గొరిల్లాని కళ్లల్లోకి గుచ్చి చూడటం దానికి సవాలు విసిరినట్టు. లెన్స్ కూడా పెద్ద కన్నులాగే ఉంటుంది కాబట్టి మధ్యమధ్యలో దించి పక్కకి చూడండి.

5. కందకం ఉన్న ఎన్‌క్లోజర్లు

కడ్డీలు లేకుండా కందకంతో జంతువును వేరు చేసే పద్ధతికి ఊపు తెచ్చింది 1907లో హాంబర్గ్ దగ్గర తెరిచిన కార్ల్ హాగెన్‌బెక్ జూ. ఫోటోగ్రాఫర్‌కి ఇది వరమే, అడ్డం ఏమీ ఉండదు. చిక్కల్లా మనం ఎత్తులో ఉండటం. పైనుంచి తీసిన ఏనుగు కూడా చిన్నదిగా కనిపిస్తుంది. దగ్గరికి వెళ్లి కిందికి తీసే బదులు, దూరంగా ఉన్న చూసే చోటు నుంచి లాంగ్ జూమ్‌తో తీయండి. దూరం పెరిగే కొద్దీ కోణం చదునవుతుంది. నేల వాలుగా ఉన్న చోట మోకాళ్ల మీద కూర్చుంటే ఇంకా మంచిది.

6. క్షణం కోసం కాపు కాయడం

కంటి మీద ఫోకస్, కంటిలో వెలుగు చుక్క: ఈ రెండూ ఉంటే మిగతా లోపాలు చాలావరకు క్షమించేయొచ్చు. పక్షులకి మూడో కనురెప్ప ఒకటి ఉంటుంది. పాలపొరలాంటి అది కంటికి అడ్డంగా పక్క నుంచి కదులుతుంది. ఒక్కో ఫోటో తీస్తే సరిగ్గా అది మూసినప్పుడే పడొచ్చు, కన్ను గుడ్డిదిలా కనిపిస్తుంది. అందుకే పక్షులకి ఎప్పుడూ వరసగా మూడు నాలుగు ఫోటోల బరస్ట్. పాములకి రెప్పలే లేవు, కంటి మీద పారదర్శకమైన పొలుసు ఉంటుంది. కుబుసం విడిచే ముందు కొన్ని రోజులు అది నీలిబూడిదగా మసకబారుతుంది. అలాంటి కొండచిలువ కనిపిస్తే ఈసారికి మొహం వదిలేసి పొలుసుల అల్లిక తీసుకోండి. గుడ్లగూబ కళ్లు గుంతల్లో కదలవు, తలంతా తిప్పాల్సిందే. కాబట్టి అది వెనక్కి చూస్తుంటే కంగారుపడి చుట్టూ పరుగెత్తకండి, తిప్పుతుంది.

ప్రవర్తన తెలిస్తే ముందే వేలు షట్టర్ మీద ఉంటుంది. బాతులు, హంసలు స్నానం ముగిశాక నీళ్ల మీద లేచి రెక్కలు బారజాపి విదిలిస్తాయి. స్నానం మొదలైందంటే మీరు ఫ్రేమ్‌ని వెడల్పు చేసుకుని సిద్ధంగా ఉండాలి, లేదంటే రెక్కల చివర్లు తెగిపోతాయి. పక్షి ముందుకు వంగి కాళ్లు ముడిచిందంటే ఎగరబోతోంది. నిద్ర లేచిన పులి ఒకసారి ఆవులిస్తే ఇంకోసారి ఆవులించే అవకాశం ఎక్కువ. మొదటిది పోయినా కదలకండి. మొసలి నోరు తెరుచుకుని కదలకుండా ఉంటే అది కోపం కాదు, ఒంటి వేడి సర్దుకుంటోంది, మీరు తీరిగ్గా కోణం వెతుక్కోవచ్చు.

మేత వేళకి అరగంట ముందు నుంచే పులి, సింహం లాంటి పెద్ద పిల్లులు, ఎలుగుబంట్లు కీపర్ వచ్చే తలుపు వైపు చెవులు రిక్కించి చూస్తుంటాయి. ఆ చూపులో ఉండే చురుకు తిండి తినేటప్పుడు ఉండదు, తినేటప్పుడు తల కిందికే ఉంటుంది. తలుపు మీ వెనకో పక్కనో ఉండేలా చోటు చూసుకుంటే చూపు మీ లెన్స్ వైపుకే వస్తుంది. కీపర్లతో మాట్లాడండి. ఏ చింపాంజీ ఏ వేళకి ఏ కొమ్మ ఎక్కుతుందో వాళ్లకి తెలిసినంతగా ఏ బోర్డూ చెప్పదు.

ఒకే దారిలో అటూ ఇటూ తిరుగుతూనే ఉండే జంతువులుంటాయి. ఫోకస్‌కి అంత సులువైనది ఇంకోటి లేదు, ఎక్కడ మలుపు తిరుగుతుందో ముందే తెలుసు. అయితే ఆ నడక తరచూ ఒత్తిడికి గుర్తు. ఆ ఫోటో పెట్టేటప్పుడు "గంభీరంగా గస్తీ తిరుగుతున్న పులి" అని రాయడం నాకైతే నచ్చదు.

వెనక ఏముందో చూడటం అలవాటు చేసుకోండి. గోడ, మేత గిన్నె, కృత్రిమ రాయి మధ్య అతుకు: ఇవన్నీ ఒక్క అడుగు పక్కకి జరిగితే పోతాయి. వెనక నీడ ఉండి జంతువు వెలుగులోకి వచ్చే చోటు దొరికితే అక్కడే పాతుకుపోండి, నల్లటి తెర ముందు తీసినట్టు వస్తుంది. ఏం చేసినా వెనకభాగం బాగోకపోతే బిగించి తీయండి: జిరాఫీ కనురెప్పల వెంట్రుకలు, జీబ్రా మెడ చారలు, కాసోవరీ తల మీది కిరీటం. పక్షి కాలికి ఉన్న గుర్తింపు రింగు కనిపిస్తే కంగారేమీ లేదు, అది జూ పక్షి కాబట్టే ఉంది.

7. వింత రంగులతో వచ్చే తంటా

కెమెరా మీటర్ ఎదురుగా ఉన్నదంతా సగటు బూడిద రంగని అనుకుని లెక్క వేస్తుంది. ఫ్రేమ్ నిండా తెల్ల కాకతువ్వ ఉంటే దాన్ని బూడిద చేస్తుంది, ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (మీటర్ లెక్కని మనం సవరించే సెట్టింగ్) ప్లస్ 1 దాకా పెంచాలి. నల్ల చిరుత నిండితే దాన్నీ బూడిద చేస్తుంది, మైనస్ 1 దాకా తగ్గించాలి. చీకటి నేపథ్యంలో చిన్నగా ఉన్న తెల్ల కొంగకి మాత్రం లెక్క తిరగబడుతుంది: మీటర్ చీకటిని చూసి వెలుగు పెంచేస్తుంది, కొంగ ఈకలు కాగితంలా తెల్లబోతాయి. అక్కడ తగ్గించాలి.

ఎర్ర మకావ్, స్కార్లెట్ ఐబిస్, ముదురు గులాబీ ఫ్లెమింగోల దగ్గర అసలు ఉచ్చు వేరు. మామూలు హిస్టోగ్రామ్ (ఫోటోలో వెలుగు ఎలా పరుచుకుందో చూపే గ్రాఫ్) బాగానే ఉందంటుంది, కానీ ఎరుపు ఛానెల్ ఒక్కటే నిండిపోయి ఈకల గీతలన్నీ కలిసిపోయి ఎర్ర ముద్ద మిగులుతుంది. మూడు రంగులూ విడిగా చూపే హిస్టోగ్రామ్ పెట్టుకుని, ఎరుపు కుడి గోడకి గుద్దుకుంటుంటే మూడింట రెండు వంతుల స్టాపు తగ్గించండి.

నెమలి మెడ నీలం, హమ్మింగ్‌బర్డ్ గొంతు మెరుపు వర్ణద్రవ్యం వల్ల వచ్చేవి కావు, ఈకలోని సూక్ష్మ నిర్మాణం వెలుగును విరిచి చూపే రంగులవి. కోణం మారితే రంగు మారుతుంది, ఒక్కోసారి నల్లగా చచ్చిపోతుంది. సూర్యుడు మీ వీపు వెనక ఉన్నప్పుడు పక్షి తల తిప్పుతుండగా వరసగా తీయండి, ఒకదాంట్లో మెరుపు అంటుకుంటుంది. నెమలి పురి విప్పినప్పుడు మెల్లగా చుట్టూ తిరుగుతుంది, మీరు తిరగక్కర్లేదు. ఏటా జతకట్టే కాలం అయ్యాక ఆ పొడవాటి ఈకలు రాలిపోతాయి కాబట్టి వెళ్లే కాలం చూసుకోండి.

8. చీకటి గదులు, వేడి గదులు

నిశాచర జంతువుల గదుల్లో పగలు కూడా మసక వెలుగే. ఫ్లాష్ వద్దంటే వద్దు. ఎఫ్ 1.8 ఫిక్స్‌డ్ (జూమ్ లేని) లెన్స్ ఉంటే ఇక్కడ బయటికి తీయండి, మోచేతులు రెయిలింగ్ మీద ఆనించండి, జంతువు ఆగిన క్షణంలో 1/60 దగ్గర నాలుగైదు తీయండి. ఫోటోల్లో అడ్డంగా చారలు వస్తున్నాయంటే అది దీపాల మినుకు. 50 హెర్ట్జ్ కరెంటు మీద దీపం సెకనుకు 100 సార్లు మినుకుతుంది, షట్టర్ 1/50 లేదా 1/100 పెట్టండి. 60 హెర్ట్జ్ అయితే 1/60, 1/120. సైలెంట్ షట్టర్ ఆపి మెకానికల్‌కి మారండి.

వర్షారణ్యం తరహా వేడి గదుల్లోకి చల్లటి కెమెరా తీసుకెళ్తే లెన్స్ మీద మంచు కమ్మేస్తుంది. బ్యాగు మూసే ఉంచి పావుగంట ఆగండి. తొందరపడి తుడిస్తే మళ్లీ కమ్ముతుంది.

9. చేతిలో ఫోనే ఉంటే

జాలీ లెక్క గుర్తుందిగా: ఫోన్ లెన్స్ ద్వారం కొన్ని మిల్లీమీటర్లే, ఒక్క తీగ మొత్తం మూసేస్తుంది. కానీ అంత చిన్న లెన్స్‌ని నేరుగా గడి మధ్యలో పెట్టేయొచ్చు, పెద్ద కెమెరాకి లేని సౌకర్యం ఇది. ఫోన్‌కి పట్టీ తగిలించుకోండి, కోతులు, చిలుకలు ఉన్న చోట మాత్రం ఫోన్‌ని గడిలో పెట్టకండి. టెలి లెన్స్ (దూరంవి దగ్గరగా చూపే లెన్స్) ఉన్న ఫోన్‌లో దాని సహజ జూమ్ దగ్గరే ఆగండి. ఆపైన ఫోన్ చేసేది ఫోటో కోసి పెద్దది చేయడమే. కన్ను మీద వేలు నొక్కి పట్టి ఫోకస్ లాక్ చేసి, వెలుగు కొంచెం తగ్గించండి. పోర్ట్రెయిట్ మోడ్ మీసాలను, విడి ఈకలను మింగేస్తుంది, మామూలు మోడే మేలు.

10. ఇంటికొచ్చాక

మొదట కళ్లు షార్ప్‌గా లేనివన్నీ తీసేయండి. మిగిలినవాటిలో జాలీ వల్ల పలచబడిన ఫోటోలకి ఎడిటింగ్ యాప్‌లో డీహేజ్ (మసక తీసే స్లైడర్), బ్లాక్స్ (నలుపును ముదురు చేసేది) కొంచెం, కాంట్రాస్ట్ కొంచెం. మొత్తం లాగేస్తే కనిపించని తీగల నీడలు మళ్లీ పైకి తేలతాయి. నాయిస్ తగ్గించేటప్పుడు ఈకల మీద చెయ్యి తేలిగ్గా వేయండి, ప్లాస్టిక్ పక్షి వద్దు.

క్యాప్షన్‌లో జూ అని రాయండి. 2009లో వైల్డ్‌లైఫ్ ఫోటోగ్రాఫర్ ఆఫ్ ది ఇయర్ పోటీ గెలిచిన ఫోటోలో ఒక తోడేలు గేటు దూకుతుంది. అది శిక్షణ ఇచ్చిన తోడేలు అయ్యుండే అవకాశమే ఎక్కువని న్యాయనిర్ణేతలు తేల్చడంతో 2010 జనవరిలో బహుమతి రద్దయింది. ఫోటోగ్రాఫర్ ఆ ఆరోపణ ఒప్పుకోలేదు, అయినా శిక్షణ ఇచ్చిన జంతువులు వద్దన్న పోటీ నియమం పోటీ నియమమే. జూ ఫోటోల విభాగం విడిగా ఉన్న పోటీలకి పంపండి, లేదా నియమాలు పూర్తిగా చదివి పంపండి.

జాతి పేరు కోసం తర్వాత తలపట్టుకోకుండా, ప్రతి ఎన్‌క్లోజర్ దగ్గర మొదటి ఫోటో అక్కడి సమాచార బోర్డుదే తీయండి. ఫైళ్లు వరసగా ఉంటాయి కాబట్టి బోర్డు ఫోటో తర్వాత వచ్చేవన్నీ ఆ జంతువువే. ఒకే పక్షిశాలలో పది జాతులు కలిసి ఉంటే బోర్డు మీది బొమ్మలు కూడా చదవగలిగేంత దగ్గరగా తీయండి.